మెత్తగా కొట్టడమూ విద్యే

మన సంగీత సమీక్షలకి ఒక జబ్బుంది. రాగం పేరు చెబుతారు, సాహిత్యం గురించి రెండు పేరాలు రాస్తారు, వాద్యాల దగ్గరికొచ్చేసరికి ‘హోరెత్తించారు’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. దేనితో కొట్టారు, ఎంత మెత్తగా కొట్టారు అన్నది ఎవరికీ పట్టదు. శబ్దం పెరిగితే ప్రతిభ, తగ్గితే బెరుకు!

ఆదోనిలో పెరిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవురోజుల్లో వైబ్రాఫోన్ మీద జాజ్ నేర్చుకుంటున్నవాణ్ణి. నాకు ఈ ధోరణితో పేచీ ఉంది.

వైబ్రాఫోన్‌లో అల్యూమినియం పట్టీలుంటాయి. వాటి కింద గొట్టాలు, గొట్టాల పైకొసల్లో మోటారుతో తిరిగే రేకులు, కాలికింద పెడల్. కొట్టే మ్యాలెట్ అంటే ఒక పుల్ల, దాని చివర గుండు, గుండుకి చుట్టిన దారం. గట్టి మ్యాలెట్ తగిలీ తగలగానే ఎగిరిపోతుంది, లోహం ఖంగుమంటుంది. మెత్తటిది పట్టీని ఇంకాస్త ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. ఆ పదును అణిగి అసలు స్వరం నిండుగా పలుకుతుంది.

మెత్తటి మ్యాలెట్లు నిదానపు పాటలకే పనికొస్తాయనేవాళ్ళు మిల్ట్ జాక్సన్‌ని వినాలి. 1952లో మొదలైన మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో మోటారుని నెమ్మదిగా తిప్పుకుంటూ ఆయన వాయించిన బ్లూస్‌లో మెత్తదనం ఉంది, ఊపూ ఉంది.

అలాగని ఎంత మెత్తనైతే అంత మంచిదనీ కాదు. మరీ మెత్తటిది పై స్థాయిలో ‘టప్’ మంటుంది, స్వరం ఎక్కడో ఉండిపోతుంది. ఒకే జతతో అట్టడుగు పట్టీనీ, చిట్టచివరి పట్టీనీ కొట్టి చూడాలి. తర్వాత వేగంగా ఏదైనా వాయించి స్వరాలు విడివిడిగా వినిపిస్తున్నాయో లేదో చూడాలి. ఊలు చుట్టినదానికీ, సన్నతాడు బిగించి చుట్టినదానికీ పలుకు వేరు. ప్యాకెట్ మీద ‘సాఫ్ట్’ అని ఉందని కొనేయకూడదు. ఒక కంపెనీ సాఫ్ట్ ఇంకో కంపెనీకి మీడియం. చేతినీ చెవినీ నమ్మాల్సిందే.

ఇదేమన్నా మనకి తెలియని విద్యా? ఆదోని మార్కెట్ యార్డులో పత్తిని వేళ్ళతో లాగి పింజ పొడవు చెప్పేస్తారు. యెమ్మిగనూరులో నూలు సన్నమో ముతకో వేలికొసకే తెలుస్తుంది. 1938లో పుట్టిన ఆ ఊరి చేనేత సహకార సంఘం నిలబడింది అలాంటి చేతుల మీదే. ఇక తప్పెట కొట్టేవాళ్ళు చర్మాన్ని మంటకి కాచి, ఒక చేతికి లావు పుల్లా ఇంకో చేతికి సన్నటి బద్దా ఎంచుకుంటారు. రెండిటి పలుకూ వేరని వాళ్ళకి ఎవరూ చార్టు గీసి చూపించలేదు.

కానీ అదే ఎంపిక అమెరికన్ కంపెనీ కేటలాగులో ఉంటే శాస్త్రం, తప్పెట కళాకారుడి చేతిలో ఉంటే అలవాటు. ఈ తేడా సంగీతం తెచ్చింది కాదు, కులం తెచ్చింది. అందుకే మన విమర్శకి ఆ చేతుల గురించి రాయడానికి మాటలే లేకుండా పోయాయి.

ఈసారి తప్పెట గురించి రాసేవాళ్ళు ‘హోరు’ దగ్గర ఆగొద్దు. ఆ పుల్ల ఏ చెట్టుది, ఎంత లావు, చర్మాన్ని ఎంతసేపు కాచారు, సన్నబద్ద ఎప్పుడు ఆగింది అని అడిగి రాయండి. చెప్పేవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు.