ప్రహ్లాదుడే లీలావతి అయిన వేళ

చిన్న ప్రశ్న. 'పాతాళభైరవి'లో తోటరాముడెవరు? ఎన్.టి.రామారావు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. నేపాళ మాంత్రికుడు? ఎస్.వి.రంగారావు. రాజకుమారి? మాలతి. బాగానే ఉంది... మరి తోటరాముడి తల్లి ఎవరండీ?

అదిగో, తల గోక్కుంటున్నారు!

ఆవిడ పేరు సురభి కమలాబాయి. 1951లో ఆ చిత్రం విడుదలయ్యేనాటికి ఆవిడ కొత్త నటీ కాదు, చిన్న నటీ కాదు. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆవిడే. అంటే తెలుగు వెండితెర మీద మాట్లాడి, పాడిన మొట్టమొదటి కథానాయిక. అలాంటావిడ పేరు మనకి గుర్తు రావడం లేదంటే తమాషాగా లేదూ?

కమలాబాయి 1907లో పుట్టారు. ఎక్కడ పుట్టారనుకున్నారు? రంగస్థలం మీద! తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు మొదలయ్యాయట. జనం అదీ నటనే అనుకుని ఆహా అన్నారట. గబగబా తెర దించారు, కాసేపటికి లోపల్నించి పసిపిల్ల ఏడుపు వినిపించింది. సంగతి తెలిసిన ప్రేక్షకులు సంబరంగా డబ్బులు విసిరారని సురభి వాళ్లు నేటికీ చెప్పుకుంటారు.

సురభి అంటే కంపెనీ కాదు, కుటుంబం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారి 'కీచకవధ'తో మొదలైంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే ఆ రోజుల్లో ఆయన తన ఇంటి ఆడవాళ్లనే రంగం ఎక్కించారు. తెరలు, కిరీటాలు, వంటగిన్నెలు, ఉయ్యాల, అన్నీ మూటగట్టి ఊరి నుంచి ఊరికి ప్రయాణం. ఆ ఇంటి పిల్లకి నడక రాగానే వేషం సిద్ధం. కమలాబాయి కూడా చిన్నప్పుడు కృష్ణుడు, లవుడు, ప్రహ్లాదుడు వేషాలు వేశారు.

ఇక్కడే ఉంది అసలు విశేషం! స్టేజీ మీద ప్రహ్లాదుడైన పిల్ల, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో తీసిన టాకీలో ప్రహ్లాదుడి తల్లి అయింది. లవుడి వేషం కట్టిన పిల్ల, అదే 1932లో వచ్చిన 'పాదుకా పట్టాభిషేకం'లో సీత అయింది. ఆ ఏడే 'శకుంతల' కూడా ఆవిడే. ఆ తరవాత బొంబాయిలోనే ఏళ్లతరబడి ఉండిపోయి హిందీ చిత్రాల్లోనూ నటించారు. ఆ కాలంలో మన వైపు ఆడవాళ్లలో బొంబాయి మొహం చూసినవాళ్లెందరు చెప్పండి?

చీపురుపల్లిలో మా మామ్మ ఆ లెక్కలోకి రాదు. హౌరా-మద్రాసు లైను మీద ఊరు, ఇంట్లోకి రైలు కూత వినిపిస్తుంది. కానీ మామ్మ ఎక్కిన రైళ్లు విజయనగరం దాకా, మహా అయితే సింహాచలం దాకా. పెళ్లయిన కొత్తలో విజయనగరంలో సురభి నాటకం చూసిందట. నాటకం సంగతి అడిగితే కథ చెప్పదు. "పొద్దున్న నూతి కాడ నీల్లు తోడినాయమ్మేరా, రాత్రికి ద్రౌపది అయిపోనాది! సంకలో గుంటడు కూడా ఏసం కట్టీసినాడు. ముసలమ్మేమో తెర ఎనకాల కూకోని ఆలకి మాటలు అందిస్తంది" అంటుంది. ఒక్క క్షణం ఆగి, "ఆలని సూస్తే నాకు కుల్లుగా ఉండీదిరా. ఇల్లు ఒగ్గీకుండానే దేశం తిరిగీసీవోరు" అంది.

మామ్మ మాటలో ఎంతుందో చూడండి. భార్యగా, తల్లిగా, మామ్మగా ఒకే నాటకంలో మూడు తరాల వేషాలు కట్టిన ఆడవాళ్ల గురించి మనం రాసుకున్నది ఎంత తక్కువ! పెద్ద హీరో చొక్కా గుండీ రంగు మీద రెండు పేజీలు రాసే మన సినీ పత్రికలు (నన్నూ కలుపుకుని) కమలాబాయికి కేటాయించే చోటు మాత్రం 'తొలి కథానాయిక' అన్న రెండు ముక్కలే.

ఇంకో బాధ ఉంది. 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు ఎక్కడా లేదు. అందులో చిన్న వేషం వేసిన ఎల్.వి.ప్రసాద్ తరవాత ఎంత పెద్ద దర్శకుడయ్యారో తెలుసు, పాటలు రాసిన చందాల కేశవదాసు పేరూ తెలుసు. కానీ లీలావతి ఎలా నడిచిందో, ఎలా పాడిందో చూసే వీలు మనకి లేదు. 1971లో కమలాబాయి కన్నుమూశారు. కథానాయికగా వెలిగిన వయసు పోయింది, కొడుకు కోసం బెంగపడే తల్లి మిగిలింది. అదృష్టం కొద్దీ 'పాతాళభైరవి' ఉంది. ఫోనులో దొరుకుతుంది. మాంత్రికుడి కోసం ముందుకి జరపకండి, తల్లి ఉన్న సీను దగ్గర కాస్త ఆగండి. మాట విరుపులో స్టేజీ తెలుస్తుంది, చివరి వరస వాడికి కూడా వినపడాలన్న అలవాటు!

సురభి వాళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. 2013లో ఫ్రాన్సు దాకా వెళ్లి ఆడి వచ్చారు, అదే ఏడు సురభి నాగేశ్వరరావు (బాబ్జీ)గారికి పద్మశ్రీ వచ్చింది. మీ ఊరి దగ్గర్లో ఎప్పుడైనా 'భక్త ప్రహ్లాద' పడితే వెళ్లండి. ప్రహ్లాదుడి వేషంలో ఉన్న బుడత మాట మరిచిపోతే, తెర పక్కకి ఓ చూపు వేయండి. అందించే గొంతు ఎవరిదో తెలుస్తుంది.