హంతకుని చిరంజీవిని చేయు కథలు

లండను నగరపు తూర్పుభాగమున వైట్‌చాపెల్ ప్రాంతములో 1888 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేది మొదలు నవంబరు 9 వ తేది వఱకు గల పది వారములలో అయిదుగురు స్త్రీలు హత్య చేయబడిరి. వారినందఱను ఒక్కడే చంపెనని పెక్కుర నమ్మిక. వాడెవడో నేటికిని తేలలేదు. వానిని నాయకునిగా జేసి నాటినుండి పుట్టిన భయంకర కథలకును, చలనచిత్రములకును మేర లేదు. ఆంగ్లము నేర్చిన మన గృహములలోనికిని అవి వినోదసామగ్రిగా వచ్చుచున్నవి. ఇట్టి కథలలో అధికభాగము సాహిత్యమునకును న్యాయమునకును గూడ అపచారమే యని నా వాదము.

ఈ కథలలో హంతకునకు బిరుదున్నది, పొడుగుపాటి టోపీ యున్నది, పొగమంచులో మెఱయు కత్తి యున్నది. స్త్రీలకో, కేక వేసి కూలుట తప్ప వేఱొక పని లేదు. చచ్చినవాని కండ్లు చారెడని మన సామెత. ఇచ్చట చంపినవాని కండ్లు చారెడైనవి; చచ్చినవారికి మొగమే లేకపోయినది.

వారెవరు? మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. కడపటి యామె తప్ప తక్కిన నలుగురును నలువది యేండ్లు దాటినవారు. నికల్స్ అచ్చుపనివాని భార్య, అయిదుగురు బిడ్డల తల్లి. భర్తను ఎడబాసి దిక్కులేనిదైనది. ఆనాడు వైట్‌చాపెల్‌లో రాత్రికింత యని పడకలు అద్దెకిచ్చు ఇండ్లు 233 కలవనియు, వానిలో రాత్రికి సుమారు 8,500 మంది తల దాచుకొనుచుండిరనియు పోలీసుల లెక్క. పడకకు చెల్లింపవలసిన నాలుగు పెన్నీలు చేత లేనందున నికల్సును నడిరేయి వీథిలోనికి పంపిరి. ఎనిమిది దినములకు, రోగపీడితురాలైన ఆనీ చాప్‌మనును గూడ పడక రుసుము లేదని అటులే వెడలగొట్టిరి. ఈ యిరువురును తెల్లవాఱక మునుపే హతులైరి. కత్తి వారిని తాకుటకు ముందే దారిద్ర్యము వారిని దాని యెదుటికి నెట్టినది. ఇంతకంటె భయంకరమైన విషయమేమి కలదు? అయినను కథకులకు పొగమంచు కనబడునుగాని నాలుగు పెన్నీలు కనబడవు.

వారందఱును వేశ్యలేకదా యని తేలికగా ననువారు కలరు. హాలీ రూబెన్‌హోల్డను చరిత్రకారిణి 2019 లో ఆ యయిదుగురి జీవితములను గ్రంథముగా వ్రాసి, వారిలో ముగ్గురు వేశ్యలనుటకు ఆధారము లేదని వాదించినది. ఆ వాద మట్లుండనిండు. వేశ్యలైన నేమి? వృత్తినిబట్టి ప్రాణమునకు వెల తగ్గునా?

హంతకుని బిరుదు గూడ కల్పితమనియే తోచుచున్నది. చీల్చువాడను అర్థమునిచ్చు ‘జాక్ ది రిప్పర్’ అను పేరు 1888 సెప్టెంబరులో ఒక వార్తాసంస్థకు వచ్చిన యెఱ్ఱసిరా లేఖలో వెలువడినది. అది ఒక పత్రికారచయిత సృష్టియని నాటి పోలీసు అధికారి రాబర్ట్ ఆండర్సన్ 1910 లో వ్రాసెను. అనగా శవములింకను చల్లాఱకమునుపే వానిపై వ్యాపారము మొదలైనదన్నమాట.

1943 లో రాబర్ట్ బ్లాక్ అను అమెరికా రచయిత ఈ హంతకునిపై నొక కథ ప్రకటించెను. అందు హంతకుడు స్త్రీలను బలియిచ్చి, ఆ బలులచేత ముసలితనము లేక బ్రదుకుచుండును. ఈ సాహిత్యమంతయు చేయుచున్న పని యిదియే కాదా? ప్రతి క్రొత్త కథయందును ఆ స్త్రీలు మరల చంపబడుచున్నారు. వాడు మరల యౌవనము పొందుచున్నాడు. బలి యిచ్చువారు రచయితలు, దక్షిణ చెల్లించువారు పాఠకులు.

భయానకము నవరసములలో నొకటికదా, దానిని నిషేధింతురా యని కొంద ఱడుగవచ్చును. నిషేధింప మనుట లేదు. మేరీ బెల్లాక్ లౌండెస్ 1913 లో ప్రకటించిన ‘ది లాడ్జర్’ అను నవలను జూడుడు. అదియు నీ హత్యలనుండి పుట్టినదే. అందు ఆకలి వాకిట నిలిచిన ముసలి దంపతుల యింట నొకడు అద్దెకు దిగును. వాడే హంతకుడేమోయని ఇల్లాలికి అనుమానము కలుగును. అయినను నోరు మెదపదు. వాని సొమ్ముతోనే యిల్లు గడచుచున్నది. ఆమె భయము మనల నిలదీయును: ఆ యవస్థలో మన మేమి చేసియుందుము? భయానకము మన మనస్సాక్షిని మేల్కొలిపినపుడు రసము. మొగము లేని శవములను లెక్కించినపుడు వట్టి జుగుప్స.

2015 లో లండనులో స్త్రీల చరిత్రకై ప్రదర్శనశాల నెలకొల్పుదుమని అనుమతి పొంది, తీరా తలుపులు తెఱచునప్పటికి హంతకుని పేరనే దానిని నడపిరి. అచ్చటి స్త్రీలు వీథిలో నిలిచి నిరసించిరి. ఈ యొక్క సంగతియే వాడుకను పట్టి చూపుచున్నది. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము.

చదువరులారా! ఇట్టి పుస్తకము మీ చేతికి వచ్చినపుడు ఒక్క ప్రశ్న వేయుడు: ఇందు చచ్చినయామెకు పేరున్నదా? ఆమె ఆ రాత్రి వీథిలో నేల యుండెనో గ్రంథకర్త చెప్పెనా? చెప్పనియెడల ఆ పుస్తకమును మూసివేయుడు. హంతకుని పేరు తెలియకపోయినందున లోకమునకు లోటేమియు లేదు. ఆ యయిదుగురి పేళ్లు మఱచుట మాత్రము సిగ్గుచేటు.