ఏకగ్రీవం: ఎవరి మెడ మీద ఎవరి చెయ్యి?

పల్లె నుంచి ప్రజాస్వామ్యం - 6



మొన్న డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో సమాసాలు చెబుతూ బోర్డు మీద "ఏకగ్రీవం" అని రాశాను. అర్థం చెప్పమంటే ముందు బెంచీ కుర్రాడు లేచి, "ఊళ్ళో గొడవల్లేకుండా సర్పంచ్‌ని ఎన్నుకోవడం మేడమ్" అన్నాడు. క్లాసంతా తలూపింది. వెనక బెంచీ అమ్మాయి ఒకతె మాత్రం ఊపలేదు. అడిగితే లేచి, "మా వాడోళ్ళని నామినేషన్ వేయనియ్యకపోవడం మేడమ్" అని కూర్చుంది.

గ్రీవం అంటే మెడ. అన్ని తలలూ ఒకే మెడ మీద నిలిచి ఒకే మాట పలికితే అది ఏకగ్రీవం. నిఘంటువులో ఉన్నది ఇంతే. ఆ మెడ ఎవరిది, దాని మీద చెయ్యి ఎవరిది అన్నది నిఘంటువులో దొరకదు. అది ఆ అమ్మాయికి తెలుసు. నాకూ తెలుసు.

మా ఊరి సంగతి చెబుతాను. నేను ఇంటర్ చదివే రోజులు. సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. మా చిన్నమ్మ నామినేషన్ వేసింది. పదో తరగతి పాసైన మనిషి, డ్వాక్రా గ్రూపు లెక్కలన్నీ ఆమే రాసేది. ఆ సాయంత్రం రచ్చబండ మీద పెద్దలు కూర్చున్నారు. నామినేషన్ వేసింది చిన్నమ్మ అయితే, కబురు వచ్చింది చిన్నాన్నకు. ఆయన వెళ్ళి కింద నిలబడ్డాడు. "ఊరంతా ఒక్కమాట మీద ఉందిరా. మీ ఒక్క ఇంటికే ఏమొచ్చింది?" అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ తిట్టలేదు. మాటల మధ్యలో కౌలు సంగతి ఎత్తారు, అంతే. చిన్నాన్న చేసే ఎకరంన్నర వాళ్ళదే. మర్నాడు చిన్నమ్మ వెళ్ళి ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

ఒక పెద్దరైతు కొట్టంలో పేడ తీసే మా వాడ ఆవిడే సర్పంచ్ అయింది. ఆవిడను ఒక్క మాట కూడా అనను. ఆవిడకు వేరే దారి లేదు. అయిదేళ్ళూ పంచాయతీ రికార్డులు, స్టాంపు ఆ రైతు ఇంట్లోనే ఉన్నాయి. ఏకగ్రీవం పేరు చెప్పి వచ్చిన డబ్బుతో సిమెంటు రోడ్డు వేశారు. ఆ రోడ్డు మా వాడ మొదట్లో ఆగిపోయింది.

"ఊరంతా" అన్నారు చూడండి, అక్కడ ఆగాలి. తెలుగులో ఊరు వేరు, వాడ వేరు. "ఊరూవాడా" అని జంటపదంగా వాడుకుంటాం గానీ ఆ రెండింటి మధ్య దూరం మాట్లాడం. ఊరంతా ఒక్కమాట మీద ఉందంటే ఊరి పెద్దలు ఒక్కమాట మీద ఉన్నారని అర్థం. వాడ ఆ మాటకు తలొంచాలి. ఈ తలొంచడాన్నే మన ప్రభుత్వాలు ఐకమత్యం అని పిలిచి డబ్బులిస్తున్నాయి.

ఊరికే అనడం లేదు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవాలకు రేటు కార్డు ప్రకటించింది. 2 వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5 వేల లోపు 10 లక్షలు, 10 వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. 2019 ఎన్నికల్లో తెలంగాణ ప్రభుత్వం పంచాయతీకి 10 లక్షలంది. గుజరాత్‌లో 'సమరస్' పేరుతో 2001 నుంచే ఈ పథకం ఉంది. జెండా రంగు ఏదైనా ఈ విషయంలో పార్టీలన్నీ నిజంగానే ఏకగ్రీవం. ఓటు వెయ్యండని ఒక చేత్తో ప్రకటనలిస్తారు, ఓటు అవసరమే లేకుండా చేసుకుంటే బహుమతి అని ఇంకో చేత్తో చెక్కు చూపిస్తారు. ఓటుకు నోటు నేరమైనప్పుడు, ఓటు లేకుండా చేసినందుకు ఖజానా నుంచి నోటు ఇవ్వడం ఏ నీతి?

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ బాబాసాహెబ్ ఊరి గురించి చాలా కటువుగా మాట్లాడారు. ఊరు సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని, ముసాయిదా ఊరిని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు తనకు సంతోషమని అన్నారు. ఆ మాటకు చాలామంది సభ్యులు నొచ్చుకున్నారు. మా చిన్నమ్మ కథ తెలిసినవాళ్ళెవరూ నొచ్చుకోరు. రాజ్యాంగం చిన్నమ్మకు ఒక ఓటు, ఒక నామినేషన్ హక్కు ఇచ్చింది. ఊరికి ఇవ్వలేదు, మనిషికి ఇచ్చింది. ఏకగ్రీవం ఆ హక్కును మనిషి చేతిలోంచి తీసుకుని మళ్ళీ రచ్చబండకు అప్పగిస్తుంది. నా అభ్యంతరమంతా ఇదే.

"ఎన్నికలొస్తే తలలు పగులుతాయి, ఖర్చులు పెరుగుతాయి, కక్షలు మిగులుతాయి" అని వాదించే మంచివాళ్ళున్నారు. పల్నాడులో, సీమలో జరిగింది మనకు తెలియనిదా? కానీ తలలు పగలగొట్టేవాణ్ణి పట్టుకోవాల్సింది పోలీసులు. అది చేతగాక ఎన్నికనే ఎత్తేస్తామంటే, దొంగలున్నారని ఇంటికి తలుపే పెట్టుకోనన్నట్టు ఉంటుంది. పైగా ఏకగ్రీవమైన ఊళ్ళో హింస లేదని ఎవరు చెప్పారు? కౌలు పోతుందన్న భయం హింస కాదా? ఆ హింసకు ఎఫ్‌ఐఆర్ ఉండదు, రక్తపు మరక ఉండదు. మా చిన్నాన్న ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు.

నిజంగా అందరూ ఇష్టపడి ఒకరినే నిలబెట్టిన ఊళ్ళు లేవా? ఉండొచ్చు. అలాంటి ఊరికి లక్షల ఆశ ఎందుకు? డబ్బు ఆశ చూపించిన క్షణం నుంచి, పోటీ చేస్తానన్న మనిషి ఊరికి రావాల్సిన సొమ్ము చెడగొట్టే శత్రువవుతాడు.

రిజర్వేషన్ సీట్ల దగ్గర ఈ రోగం ఎంత ముదురుతుందో తమిళనాడు చూపించింది. 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. 243డి అధికరణం ప్రకారం పంచాయతీల్లో మనకు సీట్లొచ్చాయి. మదురై జిల్లా మేలవళవు పంచాయతీ 1996లో ఎస్సీలకు రిజర్వ్ అయితే, అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను, ఆయనతో పాటు మరో అయిదుగురు దళితులను 1997 జూన్ 30న నరికి చంపారు. అదే జిల్లాలో పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీల్లో పదేళ్ళపాటు దళితుణ్ణి ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు. నామినేషన్లు పడేవి కావు. పడినా, గెలిచినవాళ్ళు వెంటనే రాజీనామా చేసేవాళ్ళు. 2006లో గానీ అక్కడ సరైన ఎన్నిక జరగలేదు. మన దగ్గర కత్తి తియ్యనక్కర్లేదు, కౌలు చాలు. తేడా అంతే.

కుర్చీ దక్కినా కట్లు వేరే ఉన్నాయి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ చెక్ పవర్ ఇచ్చింది. ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. ఎస్సీ సర్పంచ్ వీధిలైటు వేయించాలన్నా పక్కన ఎవరి సంతకం కావాలో మీరే ఊహించుకోండి.

ఇది పల్లెటూరి గొడవే కదా అనుకునే పట్నం మిత్రులకు ఒక మాట. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానంలో ఒక అభ్యర్థి నామినేషన్‌ను, ప్రతిపాదించినవాళ్ళు సంతకాలు తమవి కావన్నారని తిరస్కరించారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. పోలింగ్ లేకుండానే ఎంపీ వచ్చేశాడు. ఆ నియోజకవర్గంలో లక్షలమంది వేలి మీద సిరా పడలేదు. రచ్చబండ పార్లమెంటు దాకా నడిచింది.

ఇక మనం చెయ్యాల్సింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది పోస్టు షేర్ చేసి వదిలేసే పని కాదు.

ఒకటి, చట్టం చదవండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీలను నామినేషన్ వేయకుండా బెదిరించినా, ఉపసంహరించుకోమని బలవంతం చేసినా సెక్షన్ 3(1)(ఎల్) కింద నేరం. గెలిచిన సర్పంచ్‌ని పని చెయ్యనివ్వకపోతే 3(1)(ఎం). ఎన్నికలయ్యాక వెలివేస్తే 3(1)(ఎన్). ఈ మూడు అక్షరాలు మా చిన్నమ్మ రోజుల్లో లేవు. మీకున్నాయి.

రెండు, వేలంపాటలు. సర్పంచ్ పదవిని పాటలో కొని, మిగతావాళ్ళను తప్పించడం లంచమే. తప్పుకోవడానికి డబ్బిచ్చినా తీసుకున్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 170 వర్తిస్తుంది. 2021లో మహారాష్ట్ర ఎన్నికల సంఘం వేలంపాట జరిగిన రెండు ఊళ్ళలో ఎన్నికలనే రద్దు చేసింది. మన సంఘాలు ఎందుకు చెయ్యవని అడగండి. వీడియో తీసి పంపండి.

మూడు, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన వారం సెలవు పెట్టుకుని ఊరికి వెళ్ళండి. కుల ధ్రువపత్రం, డిపాజిట్, ప్రతిపాదించే మనిషి, నామినేషన్ ఫారం, ఇవన్నీ దగ్గరుండి చూడండి. ఉపసంహరణ గడువు ముగిసేదాకా ఆ అభ్యర్థి ఇంట్లోనే ఉండండి. ఆ ఒకటి రెండు రోజుల్లోనే మెడలు వంగుతాయి. పక్కన నలుగురు చదువుకున్న పిల్లలుంటే రచ్చబండ గొంతు తగ్గుతుంది.

నాలుగు, గెలిచినా ఓడినా గ్రామసభకు వెళ్ళండి. జమాఖర్చులు చదవమని అడగండి. దీని గురించి వచ్చే భాగంలో వివరంగా రాస్తాను.

మా చిన్నమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. 2021లో ఆమె వార్డు మెంబరుకు నామినేషన్ వేసింది. చిన్నాన్న అప్పటికే కౌలు మానేశాడు, పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. ఈసారి కబురొస్తే, "నామినేషన్ వేసింది నేను, మాట్లాడాల్సింది ఉంటే మా ఇంటికి రండి" అని చెప్పి పంపింది. వచ్చారు. రచ్చబండ మీద కూర్చునేవాళ్ళు మా వాడలోకి నడిచొచ్చి, మా గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, మీ వాడ ఓట్లు మావాడికే వెయ్యాలి" అన్నారు. ఆమెను "అమ్మా" అని వాళ్ళు పిలవడం నేను అదే మొదటిసారి వినడం.

చిన్నమ్మ పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరం అన్నం తిన్నాం.

జై భీమ్.