గరాజ్ కబుర్లు: కమోడ్ కింద ఏముంది?

అమెరికాలో ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడికీ ఒక దశ వస్తుంది. అంతవరకూ శనివారం పొద్దున ఇండియన్ స్టోరుకీ, సాయంత్రం ఎవరింట్లోనో పాట్‌లక్‌కీ హాయిగా తిరిగిన మనిషి కాస్తా, ఉన్నట్టుండి ఓ శనివారం హోం డిపోలో నట్లూ బోల్టుల వరసలో తల గోక్కుంటూ కనిపిస్తాడు. పక్క వరసలో ఇంకో తెలుగాయన కూడా అలాగే తల గోక్కుంటూ ఉంటాడు. "ఏమండీ, మీక్కూడా లీకేనా?" అని పలకరించుకుంటారు. ఈ శీర్షికకి పుట్టినిల్లు ఆ వరసే!

ఈసారి కబురు ఇంట్లోకెల్లా చిన్న గదిది. భోంచేస్తూ పత్రిక తిరగేస్తున్న వాళ్ళు దయచేసి ఇక్కడ ఆగి, చేతులు కడుక్కున్నాక మళ్ళీ మొదలెట్టండి.

మే నెలలో మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలుండేలా వస్తోంది. మేముండే నార్త్ కరోలినాలో ఇంటి కింద ఎక్కువగా బేస్‌మెంట్లు ఉండవు, పాక్కుంటూ వెళ్ళాల్సిన ఖాళీ మాత్రం ఉంటుంది. కింది అంతస్తులో గెస్ట్ రూం, దాన్ని ఆనుకుని 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న బాత్‌రూం. అందులో రెండున్నర అడుగులు టబ్బుకే పోయింది. మిగిలిన చోట సింకూ, కమోడూ. నేలంతా పాత వినైల్ షీటు. కమోడ్ పక్కన దాని అంచు అప్పడంలా పైకి లేచి, పసుపు రంగుకి తిరిగింది. అమ్మ కిందటిసారి వచ్చినప్పుడు ఆ అంచుకే కాలు తగిలి, తూలి, సింకు పట్టుకుని నిలదొక్కుకుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా, అందరిలాగే, ఆవిడ విమానం ఎక్కగానే మర్చిపోయాను.

ఈసారి మా ఆవిడ మర్చిపోనివ్వలేదు. కాంట్రాక్టరు వచ్చి చూసి 1,100 డాలర్లన్నాడు. నేను గుటకలు మింగుతుంటే మా ఆవిడ, "ఏమండీ, అర్ధరాత్రి లేచి బ్యాంకుల సర్వర్లు మారుస్తారే, పట్టపగలు ఓ సీటు మార్చడం అంత కష్టమా?" అంది. పౌరుషం పొడుచుకొచ్చింది. పదమూడేళ్ళ మా వాణ్ణి అసిస్టెంటుగా పెట్టుకుని, రంగంలోకి దిగాను.

కమోడ్ ఉన్న గదిలో వినైల్ వేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కమోడ్‌ని కదపకుండా దాని చుట్టూ సరిపోయేలా షీటు కత్తిరించడం. రెండోది, కమోడ్‌ని ఎత్తి పక్కన పెట్టి, షీటు పరిచి, మళ్ళీ బిగించడం. అనుభవజ్ఞులంతా రెండోదే మంచిదంటారు. నేను మొదటిది ఎంచుకున్నాను. కోడ్‌ని కదపకుండా ప్యాచ్ వేయడం మన వృత్తిధర్మం కదా!

మొదటి దారిలో అసలు పనంతా కాగితం మీదే. మందపాటి కాగితం గోడలకి ఓ అంగుళం ఇటుగా ఉండేలా పరచాలి. మధ్యలో చిన్న చిన్న త్రికోణపు కిటికీలు కోసి, వాటి మీద టేపు వేస్తే కాగితం నేలకి అంటుకుని కదలదు. తర్వాత రెండంగుళాల వెడల్పున్న స్కేలు తీసుకుని, ఒక అంచు గోడకి ఆనించి, రెండో అంచు వెంబడి కాగితం మీద గీత గీయాలి. కమోడ్ లాంటి వంపుల దగ్గర స్కేలు పనికిరాదు. స్కూలు కంపాస్‌ని అదే రెండంగుళాలకి తెరిచి, ముల్లు కమోడ్‌కి ఆనిస్తూ పెన్సిల్‌తో చుట్టూ గీయాలి. ఇప్పుడు కాగితాన్ని వినైల్ మీద పరిచి, అదే స్కేలుతో, అదే కంపాస్‌తో రెండంగుళాలు బయటికి గీస్తే గది అచ్చు దిగుతుంది. షీటుని కమోడ్ చుట్టూ తిప్పడానికి, కమోడ్ వెనక నుంచి గోడ దాకా ఒక చీలిక కోయాలి. అతుకు అక్కడైతే ఎవరికీ కనపడదు.

పిల్లలూ, ఇది మీ జామెట్రీ హోంవర్కే! ఎంత జరిపామో అంతే వెనక్కి జరిపితే అసలు ఆకారం తిరిగొస్తుంది.

అంతా చక్కగా చేశాను. షీటు వెనకవైపు తెల్లగా ఉంది, గీతలు బాగా కనిపిస్తాయని వెనకవైపే గీశాను. కోశాను. గదిలోకి తెచ్చి పరిచాను. కమోడ్ కుడివైపుంటే, నేను కోసిన ఖాళీ ఎడమవైపు నవ్వుతోంది. మావాడు ఒక్క క్షణం చూసి, "నాన్నా, మిర్రర్ ఇమేజ్!" అన్నాడు. మాస్టర్స్ డిగ్రీ గోడకి వేలాడుతూనే ఉంది. 80 డాలర్ల షీటు గరాజ్‌లో కార్ల కింద పరుపయింది. ఇంటిపనిలో అన్‌డూ బటన్ లేదని అప్పుడు తెలిసింది. కాబట్టి మీరు మాత్రం డిజైన్ ఉన్న వైపే గీయండి. వెనకవైపు గీయాల్సొస్తే కాగితాన్ని కూడా తిరగేయండి.

నష్టంలో ఓ లాభం. ఆ షీటు పరిచేటప్పుడు కమోడ్ పక్కన మోకాలు ఆనించాను. నేల గట్టిగా లేదు. ఇంకా ఆరని వడియంలా మెత్తగా లోపలికి దిగింది. దీని మీద కొత్త షీటు వేస్తే పైకి బాగానే ఉంటుంది. అమ్మ ఆరు నెలలు దాని మీద నడుస్తుంది. నాకెందుకో ధైర్యం చాలలేదు. "తీద్దాం రా" అన్నాను మావాడితో.

తీయడం అనుకున్నంత కష్టమేమీ కాదు. వెనకాల గోడ దగ్గరున్న వాల్వు కుడివైపు తిప్పి నీళ్ళు ఆపాలి. ఒకసారి ఫ్లష్ చేసి, ట్యాంకులోనూ కింద గిన్నెలోనూ మిగిలిన నీళ్ళు స్పాంజితో తోడెయ్యాలి. నీళ్ళ గొట్టం విప్పి, కింద రెండువైపులా ఉన్న టోపీలు తీసి నట్లు విప్పితే, కమోడ్‌ని నేలకి పట్టి ఉంచేది ఒక మైనపు రింగు మాత్రమే. కాస్త అటూ ఇటూ ఊపితే అది వదిలేస్తుంది. ఇద్దరు పట్టుకుని నిటారుగా లేపి, పాత తువ్వాళ్ళ మీద పెట్టాలి. బరువు వంద పౌండ్ల దాకా ఉండొచ్చు, నడుం జాగ్రత్త! లేపిన వెంటనే గొట్టంలో పాతగుడ్డ కుక్కాలి.

"గుడ్డ ఎందుకు?" అన్నాడు మావాడు.

కమోడ్ లోపల గొట్టం హంస మెడలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉండి, మురుగు గొట్టంలోని గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుపడతాయి. ఇలా నీళ్ళు నిలిచే వంపుతో ఫ్లష్ టాయిలెట్‌కి 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? గడియారాలు చేయడం! కమోడ్ తీశామంటే ఆ నీటి తలుపు తీసేసినట్టే. అందుకే గుడ్డ.

ఇక కింద చూద్దుము కదా... పాత మైనపు రింగు ఒకవైపు నలిగి, ఏళ్ళ తరబడి ఫ్లష్ చేసినప్పుడల్లా చుక్క చుక్కా కిందికి దిగింది. ప్లైవుడ్ జానెడు వెడల్పున నల్లబడి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తడిసిన బిస్కెట్‌లా ఊడొచ్చింది. మావాడు ముక్కు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. గ్లవ్స్ వేసుకుని, పుట్టీ కత్తితో పాత మైనం గీకుతుంటే వాడన్నాడు, "నాన్నా, ఇండియాలో మీ ఇంట్లో ఇలాంటి పని ఎవరు చేసేవారు? తాతగారా?"

నా చెయ్యి ఆగిపోయింది.

తాతగారు చేయలేదు. మా తాతగారింట్లో, నా చిన్నప్పుడు, పెరటి చివర ఫ్లష్ లేని పాతకాలపు దొడ్డి ఉండేది. వెనక సందులోంచి ఒకావిడ రోజూ పొద్దున్నే రేకూ, చీపురూ, తట్టా పట్టుకుని వచ్చి శుభ్రం చేసి వెళ్ళేది. ఆవిడ వచ్చే వేళకి మమ్మల్ని పెరట్లోకి వెళ్ళనిచ్చేవారు కాదు. ఆవిడకి గ్లవ్స్ లేవు. ఇప్పుడు నేను మూడు డాలర్లు పెట్టి కొన్న గ్లవ్స్ వేసుకుని, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఒక్కరోజు పనికి ఇంత హడావిడి చేస్తున్నాను.

వాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పనిని కొన్ని కులాల వాళ్ళ నెత్తిన పుట్టుకతోనే పెట్టారని చెప్పాను. దీన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టిది ఒకటి వచ్చాయనీ, అయినా మురుగు గుంతల్లో దిగి మనుషులు చనిపోయే వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయనీ చెప్పాను. కోలార్ బంగారు గనుల దగ్గర, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ అనే ఆయన దీన్ని ఆపించడానికే జీవితమంతా పోరాడుతున్నారనీ, 2016లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చిందనీ చెప్పాను.

అంతా విని వాడు, "ఆవిడ పేరేంటి?" అని అడిగాడు.

నాకు తెలియదు.

వాడు ఇంకేం అడగలేదు. నా చేతిలోంచి పుట్టీ కత్తి తీసుకుని, మిగిలిన మైనం వాడే గీకాడు.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. పుచ్చిన ప్లైవుడ్ కోసి కొత్త ముక్క వేయడం నా వల్ల అయ్యే పని కాదు. మా పక్కింటాయన రిటైరయిన కార్పెంటర్, ఆయన కింద చెక్క సపోర్టులు ఇచ్చి ఓ మధ్యాహ్నంలో ముగించారు. డబ్బులు వద్దన్నారు గానీ, మా ఆవిడ చేసిన పులిహోర రెండు డబ్బాలు పట్టుకెళ్ళారు.

కొత్త షీటు, గదిలో ఒక రోజంతా పరిచి ఉంచాం. చుట్టలోంచి తీసిన వెంటనే కోస్తే ముడుచుకుంటుంది. వినైల్ షీట్లు 6 అడుగులు, 12 అడుగుల వెడల్పుల్లో దొరుకుతాయి కాబట్టి ఇంత చిన్న గదికి మధ్యలో అతుకే అక్కర్లేదు. నీళ్ళున్న చోట అతుకు లేకపోవడమే గొప్ప. కమోడ్ లేదు కనక ఈసారి వంపుల గొడవ కూడా లేదు, గొట్టం దగ్గర గుండ్రంగా ఒక కన్నం చాలు. అది కొంచెం వంకరపోయినా కమోడ్ కూర్చుంటే కనపడదు. కొన్ని రకాలకి కిందంతా జిగురు పూయాలి, కొన్నింటికి అంచులకి చాలు. షీటు మీద కంపెనీ వాడు ఏది రాస్తే అదే చేయండి.

తిరిగి బిగించేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. మైనపు రింగు ఎప్పుడూ కొత్తదే వాడాలి, ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు. గొట్టం చుట్టూ ఉండే ఫ్లాంజి కొత్త నేల కంటే కిందికి ఉండిపోతే మందపాటి రింగో, ఎత్తు పెంచే అదనపు రింగో వేయాలి. నట్లు ఒకటే పూర్తిగా బిగించకుండా, ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ పోవాలి. బలం చూపిస్తే పింగాణీ పగులుతుంది. చివర్లో కుక్కిన గుడ్డ తీశాకే కమోడ్ దించండి. నవ్వకండి, మర్చిపోయే వాళ్ళున్నారు!

ఒక హెచ్చరిక. మీ ఇల్లు 1980కి ముందు కట్టిందైతే పాత వినైల్‌లోనూ, దాని కింద జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గీకడం, ఇసుక కాగితంతో రుద్దడం చేయకుండా, ముందు ల్యాబులో పరీక్ష చేయించండి.

అమ్మ వచ్చింది. మావాడు సూట్‌కేసు కూడా దించకముందే చెయ్యి పట్టుకుని బాత్‌రూంలోకి తీసుకెళ్ళాడు. "నానమ్మా, ఇది నేనూ నాన్నా వేశాం. టాయిలెట్ ఎత్తి క్లీన్ చేసింది నేనే!" అన్నాడు గర్వంగా. అమ్మ ఏమంటుందోనని నాకు గుబులు. ఆవిడ కాలితో నేలని రెండుసార్లు నొక్కి చూసి, "గట్టిగా ఉందిరా నాయనా" అంది, అంతే.

రాత్రి టీ తాగుతూ నేనే అడిగాను, తాతగారింటి వెనక సందులోంచి వచ్చే ఆవిడ పేరు గుర్తుందా అని. అమ్మ చాలాసేపు గ్లాసు వైపే చూసింది. "పండగలకి గోడ మీద పెట్టి వచ్చేదాన్నిరా అన్నం. పదకొండేళ్ళు వచ్చింది ఆ మనిషి. పేరు... నేనెప్పుడూ అడగలేదు" అంది.

ఈ వీకెండ్ మీ బాత్‌రూంలో కమోడ్ పక్కన ఒకసారి కాలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలితే పైన కొత్త షీటు పరిచెయ్యకండి, ఎత్తి చూడండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.

వచ్చే సంచికలో గరాజ్ తలుపు స్ప్రింగు సంగతి. అంతవరకూ సెలవు!