సంతకం మన చేతిలోనే ఉంది



కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని మనం విజయవాడ వెళ్లి ఎన్ని ధర్నాల్లో కూర్చున్నామో లెక్కలేదు. భూయజమాని సంతకం షరతు ఎత్తేయాలని గొంతు పోయేలా అరిచాం. ఆ డిమాండు న్యాయమైనది. 2011లో వచ్చిన చట్టంలో యజమాని సంతకం లేకుండానే సాగుదారుకు కార్డు ఇచ్చే వీలుండేది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ఆ సంతకాన్ని తెచ్చి కౌలు రైతు మెడకు కట్టింది. సంతకం లేనిదే కార్డు లేదు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం అందదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకోవాల్సిందే.

అంతా నిజమే. మరి ధర్నా ముగించుకుని కొండపల్లి వచ్చాక, మనలో ఎంతమందిమి మన పొలం చేస్తున్న కౌలుదారుకు సంతకం పెట్టాం?

మా కమిటీలో ఈ ప్రశ్న వేసుకుంటే పొలం కౌలుకిచ్చిన వాళ్లమంతా నేల చూపులు చూశాం. "మా అబ్బాయి ఒప్పుకోడు" అని ఒకరు. "పాస్‌బుక్కు బ్యాంకులో ఉంది" అని మరొకరు. "వచ్చే ఏడు చూద్దాంలే" అని ఇంకొకరు. ఇది రాస్తున్న మేమూ ఆ వరసలోనే ఉన్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా రెండెకరాల్లో మునిగింది మా కౌలుదారు పెట్టుబడి. నష్టం జాబితాలోకి ఎక్కింది మా పేరు. ఆ జాబితా చూసి అతను మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

సంతకం పెడితే భూమి పోతుందని భయమంటారు. చట్టం చదవండి. ఆ పత్రం గడువు పదకొండు నెలలు. హక్కు పంట మీదే గానీ భూమి మీద కాదు. యజమాని హక్కుకు ఏ ఢోకా లేదు. అసలు సంగతి వేరే ఉంది, దాచుకోవడం దేనికి? పాస్‌బుక్కు మీద పంట రుణం మనం తెచ్చుకుంటున్నాం. పరిహారం వస్తే మన ఖాతాలో పడుతోంది. దున్నేది అతను, అప్పు వాడుకునేది మనం. దీనికి భూమి పోతుందనే భయమని పేరు పెట్టుకున్నాం.

ఇది ఒక్క సంతకంతో తెగే విషయం కాదు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు గిట్టుబాటు ధర కావాలంటున్నాం. సి2 ఖర్చుకు యాభై శాతం కలపాలంటున్నాం. ఆ ఖర్చులో ఇంటిల్లిపాది చాకిరీకీ కూలి కడతాం. అంటే ప్రభుత్వం ముందు నిలబడినప్పుడు మన ఇంటి ఆడమనిషి పనికి విలువ ఉంది. పంట డబ్బు ఇంటికొచ్చిన రోజు ఆ విలువ ఏమవుతోంది? మన కొండపల్లి బొమ్మల్లో రోకలి పట్టి దంచే ఆడమనిషి కూడా ఉంటుంది. తెల్లపొణికి చెక్కేవాడికి కనబడిన మనిషి మన పద్దు పుస్తకంలో కనబడటం లేదు. ఒకే చేలో ఒకే పొద్దు కలుపు తీసిన మగవాడికి ఒక కూలి, ఆడమనిషికి ఒక కూలి ఇస్తున్నాం. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచీ ఉంది. కట్నం ఇచ్చాం కదా అని ఆ వాటా రాయించేసుకుంటున్నాం.

"వ్యక్తులు మారితే వ్యవస్థ మారుతుందా? ముందు చట్టం మారాలి" అనే మిత్రులున్నారు. వాళ్ల మాటలో సగం నిజం. సంతకం పెట్టినంత మాత్రాన బ్యాంకు తలుపులు బార్లా తెరుచుకోవు. కార్డు ఉన్నా తిప్పే బ్యాంకులున్నాయి. అందుకే పోరాటం ఆపకూడదు. కానీ చట్టం మారేదాకా మన ఇల్లు మారక్కర్లేదనడం ఏ సిద్ధాంతం?

మన జిల్లాల్లోనే చూడండి. గోరా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు తెచ్చారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. కులం పోవాలని సభల్లో చెప్పి ఊరుకోలేదు. 1948లో సేవాగ్రాంలో కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. లవణం, జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టిన సుందరయ్య పేరు చివరి రెడ్డిని తీసేశారు. సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీల పక్షాన నిలబడ్డారు. వాళ్లు రోడ్డు మీదా కొట్లాడారు, ఇంట్లోనూ కొట్లాడారు. అందుకే వాళ్ల మాటను జనం నమ్మారు. మన మాటను కౌలు రైతు ఎందుకు నమ్మాలి?

మనల్ని ఎవరూ అంత త్యాగం అడగడం లేదు. అడుగుతున్నది ఒక సంతకం.

ఈ ఏడు మేం పెట్టాం. కొంపేమీ మునగలేదు. భూమి మా పేరునే ఉంది. ఈసారి పంట నమోదులో అతని పేరు ఎక్కింది. ఇంట్లో రెండు రోజులు గొడవ జరిగింది, సద్దుమణిగింది.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. వచ్చే సాగు మొదలయ్యే లోపు, పొలం కౌలుకిచ్చిన ప్రతి సభ్యుడూ తన కౌలుదారును వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లి సంతకం పెట్టాలి. సమాన పనికి సమాన కూలి ఇవ్వాలి. పద్దు పుస్తకంలో ఇంటి ఆడవాళ్ల పనిదినాలు రాయాలి. ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో గ్రామ కమిటీలో పేరు పేరునా చెప్పుకోవాలి. సంతకం పెట్టని నాయకుడు కౌలు రైతుల సభలో మైకు పట్టుకోకూడదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తర్వాతి ధర్నాకు కౌలుదారునీ పక్కన కూర్చోబెట్టుకుని వెళ్దాం. అప్పుడు యజమాని సంతకం షరతు ఎత్తేయమని అడిగే హక్కు మనకుంటుంది.