పింఛనులో ముందుగా బుచ్చుకొను సొమ్ము



2004 జనవరి 1వ తేదీకి ముందు కొలువున జేరిన కేంద్రప్రభుత్వోద్యోగి విరమణకాలమున తన పింఛనులో నూటికి 40 వంతులవఱకు కమ్యుటేషను చేసికొనవచ్చును. 30,000 రూపాయల పింఛనులో 12,000 విడిచినచో, 60వ యేట విరమించినవారికి సుమారు 11,80,000 ఒక్కసారిగా జేతికందును. దానిపై ఆదాయపుపన్ను లేదు. కాని 15 సంవత్సరములవఱకు నెలకు 18,000 రూపాయలును, పూర్తిపింఛనుపై లెక్కగట్టు కరవుభత్యమును మాత్రమే వచ్చును. ఈలోపల భర్త గతించినను ఆ సొమ్ము తిరిగి చెల్లింపనక్కఱలేదు; భార్యకు రావలసిన కుటుంబపింఛనును దానివలన దగ్గదు.

ఆ మొత్తము పెండ్లిపందిరిలోనే కరగిపోగా, నెలవెచ్చములకు దడుముకొను నిండ్లను నేనెఱుగుదును. కావున సంతకమునకు ముందే దంపతులిరువురును గూర్చుండి, ఆ సొమ్ము దేనికో నిర్ణయించుకొనవలెను. దీపముండగనే గదా యిల్లు చక్కబెట్టుకొనుట!