జూలై 4కు అంటగట్టిన మహిమ

ఒకే తేదీన జరిగిన పుట్టుకలను, మరణాలను, యుద్ధాలను, ఒప్పందాలను ఒకచోట పేర్చి చూపే అలవాటు పత్రికల్లో పాతదే, దానివల్ల నష్టమూ లేదు. అయితే ఇవన్నీ ఒకే రోజున జరగడం వెనుక ఏదో సంకల్పం ఉందని, మహనీయులు తాము వెళ్లిపోయే రోజును తామే ఎంచుకుంటారని వ్యాఖ్యానం తోడైనప్పుడు చరిత్ర కాస్తా జాతకం అవుతుంది. ఇది ఎలా జరుగుతుందో జూలై 4 చుట్టూ అల్లుకున్న కథలు బాగా చూపిస్తాయి.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించిన థామస్ జెఫర్సన్, దాని కోసం సభలో గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్ ఇద్దరూ 1826 జూలై 4న, ఆ ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, కొద్ది గంటల తేడాతో కన్నుమూశారు. మరో అయిదేళ్లకు, 1831లో, మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా అదే తేదీన మరణించాడు. ఆడమ్స్ కుమారుడు, అప్పటి అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తండ్రి మరణంలోని ఈ పొంతనను దైవానుగ్రహానికి గుర్తుగా తన దినచర్యలో రాసుకోగా, సంస్మరణ సభల్లో వక్తలు అదే మాటను ఊరూరా వినిపించారు. అప్పటికి జెఫర్సన్ వయసు 83, ఆడమ్స్ వయసు 90. ఇద్దరూ మంచం పట్టినవారే కనుక ఆ రోజుల్లో వారు పోవడంలో వింతేమీ లేదు, తేదీ ఒకటి కావడమే వింత. నాలుగో తారీఖు వచ్చిందా అని జెఫర్సన్ ముందురాత్రి అడిగాడని, నల్లమందు కలిపిన ఔషధాన్ని వద్దన్నాడని పక్కనున్నవారు చెప్పిన సంగతికి ఆధారముంది. సంకల్పబలంతో ప్రాణాన్ని తెల్లవారే దాకా నిలుపుకున్నాడన్నది మాత్రం ఊహ. పండుగ కోసమో పుట్టినరోజు కోసమో రోగులు మరణాన్ని వాయిదా వేయగలరా అని ఒహాయో రాష్ట్రంలో మూడు లక్షలకు పైగా క్యాన్సర్ మరణాలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి జాడ ఏదీ కనిపించలేదు. పైగా ఆ తరం నాయకుల్లోనే ఒకడైన జేమ్స్ మాడిసన్ 1836 జూన్ 28న, ఆరు రోజుల ముందే పోయాడు. మహిమను చాటేవారు ఆయన పేరు ఎత్తరు.

అసలు ఆ తేదీయే మనుషులు ఖరారు చేసుకున్నది. స్వాతంత్ర్య తీర్మానం నెగ్గింది 1776 జూలై 2న. ఇకపై ఏటా ఆ రోజే పండుగ జరుగుతుందని ఆడమ్స్ మర్నాడు భార్యకు ఉత్తరం కూడా రాశాడు. నాలుగున ఆమోదం పొందింది ప్రకటన పాఠం మాత్రమే, దానిపై ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. క్యాలెండర్ సంగతి ఇంకా చిత్రం: మాంటిసెల్లోలోని జెఫర్సన్ సమాధి రాతిపై ఆయన పుట్టినరోజు 1743 ఏప్రిల్ 2 అని, దాని పక్కనే పాత పద్ధతి అని తెలిపే రెండు పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. బ్రిటన్, దాని వలస రాజ్యాలు 1752లో జూలియన్ క్యాలెండర్‌ను వదిలి, రుతువులతో మెరుగ్గా సరిపోయే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారినప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా లెక్కించారు కనుక, ఆ పుట్టినరోజు ఏప్రిల్ 13కు జరిగింది. చట్టంతో పదకొండు రోజులు ముందుకు జరిగే అంకెలో విధిలిఖితం ఎలా ఇముడుతుందో నమ్మేవారే చెప్పాలి.

ఇక వివేకానందుడు 1902 జూలై 4న బేలూరు మఠంలో 39 ఏళ్లకే మరణించాడు. 1898లో కశ్మీరులో ఆయన ఈ తేదీపై ఒక ఆంగ్ల కవిత రాసి ఉండటంతో, తన మరణదినం ఆయనకు ముందే తెలుసునన్న నమ్మకం భక్తుల్లో పాతుకుపోయింది. వెంట ఉన్న అమెరికన్ శిష్యురాళ్లను ఆశ్చర్యపరచాలని ఒక స్థానిక దర్జీ చేత వారి జెండా కుట్టించి, భోజనాల పడవను పచ్చని కొమ్మలతో అలంకరించి, వారి పండుగ నాడు చదివించిన కవిత అది. మధుమేహం, ఉబ్బసం ఆయనను అప్పటికే పీడిస్తున్నాయి. ఉత్తరాయణం కోసం ఆగిన భీష్ముడి ఇచ్ఛామరణంతో పోల్చేవారికి మరో చిక్కుంది: ఆకాశంలో సూర్యుడు జూన్ 21 నాటికే దక్షిణానికి మళ్లుతాడు, మన పంచాంగం మాత్రం జూలై మధ్యలో వచ్చే కర్కాటక సంక్రమణం దాకా ఉత్తరాయణమే అంటుంది. ఆ మఠమే తన స్థాపకుడి జయంతిని జనవరి 12న కాక తిథిని బట్టి జరుపుతుంది. చాంద్రమానంలో రోజును గుర్తించే ఆ తిథి దాదాపు 19 ఏళ్లకు గానీ అదే తారీఖుతో మళ్లీ కలవదు. మన ఇళ్లలో ఆబ్దికం పెట్టేదీ తిథికే.

తెలుగువారి మాటకొస్తే అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పుట్టాడు. 1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య 1963 జూలై 4న పోయాడు. కావాలంటే ఇక్కడ మరో అద్భుతాన్ని అల్లవచ్చు: అమెరికా ప్రకటనపై సంతకాలు జరిగిన ఆగస్టు 2కు సరిగ్గా వందేళ్లకు, అంటే 1876 ఆగస్టు 2న, వెంకయ్య పుట్టి, ఆ ప్రకటన ఆమోదం పొందిన తేదీనే కన్నుమూశాడు. తారీఖులన్నీ నిజమే, అర్థం మాత్రం పూర్తిగా కల్పితం. ఒక సంఘటనకున్న మూడు నాలుగు తేదీల్లో అక్కరకొచ్చినవి రెండు ఏరుకుని, ఒక జీవితపు రెండు కొసలకు ముడివేస్తే చాలు, కలవని వేలమందిని లెక్కలోకే తీసుకోనక్కరలేదు.

పుట్టినరోజులు ఏడాది పొడవునా సమానంగా పరచుకున్నాయనుకుంటే, 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరిదో ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది, ఎందుకంటే 23 మందిలో 253 జంటలుంటాయి. అమెరికా అధ్యక్షుల్లోనే ఫిల్‌మోర్, టాఫ్ట్ ఇద్దరూ మార్చి 8న, ట్రూమన్, ఫోర్డ్ ఇద్దరూ డిసెంబరు 26న పోయారు. వాటిపై ఉపన్యాసాలు లేవు, ఆ తేదీల్లో అక్కడ జాతీయ పండుగ లేదు గనుక. సీతారామరాజును కాల్చి చంపిన 1924 మే 7 కూడా అలాంటిదే: 1861లో రవీంద్రనాథ్ ఠాగూరు పుట్టింది ఆ తేదీనే. బెంగాలీలు ఆయన జయంతిని తమ పంచాంగం ప్రకారం బైశాఖ 25న జరుపుకుంటారు కనుక, మన్యంలో వర్ధంతి జరిగే రోజున శాంతినికేతన్‌లో ఆ పండుగ ఇంకా మొదలై ఉండదు.